తేదీ, ముక్కు, మూత తీసిన రోజు: దేన్ని నమ్మితే మేలు?

"తేదీ దాటిపోయింది, వాడొచ్చా, పారేయాలా?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. ఒకరికి పిండి ప్యాకెట్, ఇంకొకరికి పెరుగు డబ్బా, మరొకరికి అల్మారా వెనకాల బయటపడ్డ నూనె సీసా. వస్తువు మారుతుంది గానీ ప్రశ్న మారదు. అడిగేవాళ్ళు కూడా ఎక్కువగా రెండు రకాలే. కొందరు తేదీ దాటిన మర్నాడే చెత్తబుట్టలో వేసేస్తారు. కొందరు తేదీ వైపు చూడనే చూడరు, మూత తీసి వాసన పట్టి అక్కడికక్కడే తేల్చేస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటే రోజూ వాదనే. ఈ రెండు పద్ధతుల్లోనూ మంచి ఉంది. అయినా నా ఓటు మూడోదానికి: ప్యాకెట్ ఎప్పుడు తెరిచాం, ఆ తర్వాత ఎక్కడ పెట్టాం అన్నది చూసుకోవడం.

ముందు తేదీ సంగతి. బెస్ట్ బిఫోర్ నాణ్యతకు హామీ, యూజ్ బై భద్రతకు గడువు అన్నది చాలామందికి తెలిసిందే, మళ్ళీ చెప్పను. తేదీని నేను గౌరవించేది దాని వెనక ఉన్న పని చూసి. తయారీదారులు నమూనాలను లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రతలో ఉంచి, రోజులు గడిచేకొద్దీ బ్యాక్టీరియా ఎంత పెరిగిందో లెక్కపెడతారు. నూనె ఉన్న పదార్థాలైతే గాలి తగిలి ఎంత మారాయో కొలుస్తారు. మనుషులకు పెట్టి రుచి చూపిస్తారు. ఇవన్నీ చూసి, జాగ్రత్త కోసం ఇంకాస్త ముందుకు జరిపి గడువు వేస్తారు. ఇలాంటి పరీక్ష మన వంటగదిలో చేయలేం.

చిక్కు ఎక్కడంటే, ఆ గడువు మూత తీయని ప్యాకెట్‌కి, అదీ చెప్పిన చోట చెప్పిన చల్లదనంలో ఉంచినప్పుడే. ఆహార లేబుళ్ళకు అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్న కోడెక్స్ కూడా బెస్ట్ బిఫోర్‌ను తెరవని ప్యాకెట్‌కే నిర్వచించింది, ఆ తేదీ తర్వాత కూడా ఆహారం తినడానికి పనికొచ్చేలా ఉండొచ్చని అందులోనే చెప్పింది. పంచదార, వెనిగర్ లాంటివాటికి అసలు తేదీ అక్కర్లేదని మినహాయించింది కూడా. అయినా పంచదార డబ్బా మీద ఏదో అంకె కనబడగానే కంగారుపడి పారబోసేవాళ్ళున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో సుమారు 60 శాతం ఇళ్ళలోనే. అదంతా తేదీల వల్లే అనలేం. కానీ ఐరోపా కమిషన్ 2018లో బయటపెట్టిన అధ్యయనం, అక్కడ ఏటా వృథా అయ్యే 8.8 కోట్ల టన్నుల్లో 10 శాతం దాకా తేదీల ముద్రతో ముడిపడి ఉండొచ్చని తేల్చింది. ఇక సెల్ బై అనేది దుకాణదారుడు సరుకు ఎప్పుడు తీసేయాలో చెప్పే గుర్తు, ఇంటికి తెచ్చుకున్నాక దాంతో మనకు పని లేదు. జనం దాన్ని చూసి తికమకపడుతున్నారనే కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి, 2026 జూలై 1 నుంచి కొనేవాళ్ళకు కనబడేలా ఆ మాట ముద్రించడాన్ని నిషేధించింది.

మరి ముక్కును నమ్ముదామా? దీనికీ మద్దతు పెరుగుతోంది. బ్రిటన్‌లో మోరిసన్స్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ 2022లో తన సొంత బ్రాండ్ పాలలో చాలావాటి మీద యూజ్ బై తీసేసి బెస్ట్ బిఫోర్ పెట్టింది, వాసన చూసి నిర్ణయించుకోమని వినియోగదారులకు చెప్పింది. పాల విషయంలో అది సమంజసమే. కాచి శుద్ధి చేసిన పాలు పాడైతే దాచుకోలేవు, పులిసిన వాసన, విరగడం వెంటనే తెలిసిపోతాయి. పాతబడిన నూనె, పురుగు పట్టిన పిండి, జిగురు పట్టిన కూర, వీటిలో కన్నూ ముక్కూ తేదీ కంటే మంచి సాక్షులు.

కానీ ఆహారాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు వేరు, మనకు జబ్బు తెచ్చేవి వేరు. మొదటివి వాసన, రంగు, జిగురుతో బయటపడతాయి. రెండోవి చాలాసార్లు ఏ గుర్తూ ఇవ్వవు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, ఆహారం మాత్రం తాజాగానే కనిపిస్తుంది. వండిన అన్నం గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేయగలదు. ఆ అన్నం వాసన మారకపోవచ్చు, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే నేననేది: ముక్కు వద్దంటే తేదీ ఎంత దూరం ఉన్నా పారేయండి, ముక్కు సరేనంటే మాత్రం దాన్ని సగం సాక్ష్యంగానే తీసుకోండి. ఉబ్బిన డబ్బా అయితే వాసన కూడా చూడొద్దు, రుచి అసలే వద్దు. బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం అందులో ఉండొచ్చు, అది అతి కొద్దిగా లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు నేను నమ్మే పద్ధతి. దీన్ని అర్థం చేసుకోవడానికి దీర్ఘకాలం నిలవుండే టెట్రా ప్యాక్ పాలు చాలు. మూత తీయనంత కాలం అవి ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటాయి, తేదీ కూడా అంత దూరంగానే ఉంటుంది. ఎక్కువ వేడితో క్రిములన్నిటినీ చంపి, గాలీ వెలుగూ చొరబడని పెట్టెలో నింపడమే దానికి కారణం. మూత తీసిన నిమిషం నుంచి ఆ రక్షణ ఉండదు. ఇక అవి మామూలు పాలే, ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయాలి. పెట్టె మీది తేదీ మాత్రం ఇంకా నాలుగు నెలలుందనే చూపిస్తుంది. తేదీని నమ్మేవాళ్ళు ఇక్కడ నిశ్చింతగా ఉండి మోసపోతారు. డబ్బాలో వచ్చే ఉడికిన గింజలు, కూరగాయల సంగతీ అంతే: మూసి ఉంటే ఏళ్ళు, తెరిచాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. చాలా లేబుళ్ళ మీద చిన్న అక్షరాల్లో "తెరిచాక ఇన్ని రోజుల్లో వాడండి" అని ఉంటుంది. నా దృష్టిలో పెద్ద అంకెల తేదీ కంటే ఆ చిన్న వాక్యమే ముఖ్యం.

రెండోది ఉష్ణోగ్రత. బ్యాక్టీరియా వేగంగా పెరిగేది సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గరుంటే పాల మీది తేదీకి అర్థం ఉంటుంది. 10 డిగ్రీలుంటే అదే తేదీ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, పాలు అంతకు ముందే పాడవుతాయి. ఫ్రిజ్ బటన్ మీది 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ ఉంచి, రాత్రంతా ఫ్రిజ్ మధ్య అరలో పెట్టి, పొద్దున చూస్తే నిజం తెలుస్తుంది. తలుపు అరలు ఎప్పుడూ కాస్త వెచ్చగానే ఉంటాయి కాబట్టి పాలు అక్కడ పెట్టొద్దు. వండినవి, పాలు, మాంసం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. కొన్న చోటి నుంచి ఇంటికి చేరే సమయం కూడా ఈ లెక్కలోదే.

చేయాల్సిన పని చాలా చిన్నది. ఫ్రిజ్ పక్కన ఒక మార్కర్, కాస్త టేపు. మూత తీయగానే ఆ రోజు తేదీ రాసి అతికించడం, అంతే. ఇంట్లో ఎవరు తీసినా వాళ్ళే రాయాలి, ఆ ఒక్క అలవాటు పడితే "ఇది ఎప్పటిది?" అన్న టెన్షన్ పోతుంది. కొత్తవి వెనక, పాతవి ముందు పెడితే పారేయాల్సిన అవసరమే చాలావరకు రాదు.

ఈ తేదీలు గుర్తుపెట్టే యాప్‌లు కూడా ఉన్నాయి, ప్రతి వస్తువూ ఎక్కించే ఓపిక ఉన్నవాళ్ళకు బాగానే ఉంటాయి. గుడ్డును నీళ్ళలో వేసి చూడటం దాని వయసు చెబుతుంది, జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పదు. తేదీ దగ్గరపడిన మాంసాన్నో బ్రెడ్‌నో ఫ్రీజర్‌లో పెట్టడం మాత్రం నిజంగా పనికొస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగదు, కానీ చావదు కూడా, కాబట్టి కరిగించాక ఆలస్యం చేయకూడదు.

తేదీనే గట్టిగా పట్టుకోమని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. యూజ్ బై ఉన్న పచ్చి మాంసం, చేపలు, వేడి చేయకుండా నేరుగా తినే చల్లని పదార్థాల్లో ఒక్క రోజు కూడా బేరం వద్దు. పసిపిల్లల పాలపొడి కూడా అంతే, తేదీ దాటితే అందులోని పోషకాలు లేబుల్ మీద రాసినంత ఉంటాయని భరోసా ఉండదు. ఇంట్లో గర్భిణి ఉన్నా, బాగా పెద్దవాళ్ళున్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళున్నా, వాళ్ళ కోసం తీసేది తేదీ లోపలిదీ, ఆ రోజే తెరిచినదీ అయ్యుండాలి. మిగిలినది మిగతావాళ్ళం తినొచ్చు.