పైలట్ బేరింగ్ మార్చేటప్పుడు: కంచు బుష్షా, నీడిల్ బేరింగా, బాల్ బేరింగా?

పైలట్ బేరింగ్ అంటే ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక కొన దగ్గర ఉండి, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) కొనను పట్టి ఉంచే చిన్న బేరింగ్. క్లచ్ దగ్గర చప్పుడొస్తుంటే, ముందు అది ఎక్కడిదో తేల్చుకోండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, న్యూట్రల్‌లో క్లచ్ పెడల్ మీద మెల్లగా కాలు ఆనించగానే గరగరమంటే అది రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసేది). పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేర్ వేశాక వస్తే పైలట్ మీద అనుమానపడాలి. అప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగి ఉంటుంది, క్రాంక్ తిరుగుతూనే ఉంటుంది. పైలట్‌కు అసలు పని ఆ కాసేపే. పెడల్ వదిలితే చప్పుడొచ్చి, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్ చూడండి. పైలట్ పట్టేస్తే షాఫ్ట్‌ను తనతో తిప్పేసి, రివర్స్ వేసేటప్పుడు గీరుతుంది. క్లచ్ పూర్తిగా విడవకపోయినా ఇదే లక్షణం కాబట్టి, గేర్‌బాక్స్ దించే ముందు క్లచ్ హైడ్రాలిక్స్ (పెడల్ ఒత్తిడిని ద్రవంతో క్లచ్‌కు చేర్చే భాగాలు) చూసుకోవాలి. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో పైలట్ బేరింగే ఉండదు, అక్కడ వెతకొద్దు.

ఇక ఏది మేలు? షాఫ్ట్ కొన కాస్త అరిగిన పాత బండికి నా ఓటు బుష్‌కే. అరిగినా నెమ్మదిగా అరుగుతుంది, షాఫ్ట్‌ను పెద్దగా పాడుచేయదు. అయితే నూనె పీల్చుకునే సింటర్డ్ (లోహపు పొడిని అదిమి, కాల్చి చేసిన) కంచు బుష్ కావాలి. లేత్‌లో రాడ్ నుంచి తిప్పించినదానికి ఆ సూక్ష్మరంధ్రాలు ఉండవు. అయస్కాంతం అంటుకుంటే ఇనుము కలిసిందన్నమాట, వద్దనండి. బిగించే ముందు రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి. గ్రీజు మాత్రం పూయొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

నీడిల్ తేలిగ్గా తిరుగుతుంది, కానీ ఓర్చుకోదు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పుతూ గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపే గంట ఆకారపు తొడుగు) కాస్త పక్కకుంటే చాలు, సూదులు విరిగి షాఫ్ట్ కొనను చెక్కేస్తాయి. అప్పుడు ఖర్చు బేరింగ్‌తో పోదు. క్రాంక్‌కు డయల్ గేజ్ బిగించి తిప్పి బెల్ హౌసింగ్ రంధ్రాన్ని కొలిస్తే, ముల్లు చూపే మొత్తం తేడా 0.13 మి.మీ. దాటకూడదని పాటిస్తే మంచిది. హై టెంపరేచర్ గ్రీజు పలచగా పూస్తే చాలు. ఎక్కువైతే వేడికి క్లచ్ ప్లేట్ మీదికి చేరుతుంది.

సీల్డ్ బాల్ బేరింగ్‌కు ఆ గ్రీజు బెంగ లేదు. కంపెనీ అదే ఇచ్చి ఉంటే అదే వేయండి. పాతదాని నంబరు చూసి కొలత సరిచూసుకోండి: 6201 అంటే 12×32×10 మి.మీ., 6202 అంటే 15×35×11. నంబరు చివర రెండు రబ్బరు సీళ్ల గుర్తు (2RS) ఉండాలి. కొట్టేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే గోళీల దారిలో గుంటలు పడి, కొత్తదే మూలుగుతుంది.

మూడింటినీ చంపేది ఒకటుంది: గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువును షాఫ్ట్ కొన మీద వేలాడదీయడం. క్లచ్ ప్లేట్‌ను అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకు తెచ్చి, కింద జాకీ పెట్టి, బోల్టులతో లాగకుండా చేత్తోనే లోపలికి జరపాలి.