టిక్స్‌కి అయస్కాంత చికిత్స: మూడేళ్ళ తర్వాత నా మాట

నాకు టిక్స్, అంటే మాటిమాటికీ వచ్చే మెడ విదిలింపు, గొంతు చప్పుడు ఉన్నాయి. వాటికి టీఎంఎస్ అనే చికిత్స చేయించుకున్నాను, తల బయటి నుంచి అయస్కాంతంతో మెదడుని తట్టడం అన్నమాట. ముందు లెక్క చెప్పేస్తాను. మూడేళ్ళలో 36 సిట్టింగులు. ఒక్కోదానికి 1,500 రూపాయల చొప్పున 54,000 అయ్యింది. విశాఖలో గది అద్దె, భోజనం, రైలు ఖర్చులు కలిపితే ఇంకో 30,000. దీనికి నాకు దక్కింది: మెడ విదిలింపు బాగా తగ్గింది, గొంతు చప్పుడు కొద్దిగానే తగ్గింది. తగ్గింది కూడా ఎప్పటికీ నిలవలేదు, ఒక విడతకి నాలుగైదు నెలలు. మళ్ళీ చేయించుకుంటావా అంటే ఆలోచిస్తాను. ఎందుకు ఆలోచించాల్సి వస్తోందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఈ చికిత్సకి వెళ్ళేముందు తెలుగులో నాకు ఇలాంటి అనుభవం ఒక్కటీ చదవడానికి దొరకలేదు.

మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే. పట్టు నేసే కుటుంబం. మా పెద్దలు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఇంట్లో రెండు మగ్గాలు, బజారులో ఒక చిన్న చీరల కొట్టు ఉన్నాయి. నాకిప్పుడు 33 ఏళ్ళు.

ఏడో ఏట కళ్ళు ఆర్పడం మొదలైంది. తర్వాత మెడ కుడివైపుకి విదిలించడం, ఆ తర్వాత గొంతులోంచి ‘హుం’ అనే చప్పుడు. నాయనమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నాన్న కోప్పడేవాడు. అమ్మ మాత్రం చెవిలో మెల్లగా, ‘అలా చెయ్యకురా నాన్నా, అందరూ చూస్తున్నారు’ అనేది. ఆపుకునేవాణ్ణి. ఆపుకున్నదంతా ఇంటికొచ్చాక ఒక్కసారిగా బయటపడేది. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులి వేషం కట్టిన రోజుల్లోనే నాకు హాయిగా ఉండేది. పులి తల విదిలిస్తే ఎవరూ ఏమీ అనరు కదా.

దీన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారని తెలిసింది పదహారో ఏట. ఒంటి కదలికలూ గొంతు చప్పుళ్ళూ రెండూ ఉండి, 18 ఏళ్ళలోపు మొదలై, ఏడాదికి పైగా ఉంటే ఆ పేరు పెడతారు. 1885లో ఒక ఫ్రెంచి డాక్టరు వివరంగా రాసిన జబ్బు ఇది. బూతులు అరవడమే టూరెట్ అని చాలామంది అనుకుంటారు. అది కొద్దిమందికే ఉంటుంది, నాకు ఎప్పుడూ లేదు. చాలామందికి పది, పన్నెండేళ్ళ వయసులో బాగా పెరిగి, పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు.

టిక్ అనేది కావాలని చేసేది కాదు, పూర్తిగా తెలియకుండా జరిగేదీ కాదు. ముందు మెడ పక్కన ఒక బిగువు వస్తుంది. పడుగులో ఒక పోగు బిగిసిపోయి తెగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు చేతికి తెలుస్తుంది చూడండి, అలాంటిది. విదిలిస్తే ఒక్క క్షణం వదులవుతుంది. మళ్ళీ బిగుస్తుంది. విచిత్రం ఏమిటంటే మగ్గం మీద కూర్చుని నాడె ఆడిస్తుంటే గంటసేపైనా ఒక్క టిక్కూ రాదు. మనసు పనిలో పూర్తిగా పడితే తగ్గుతుందని డాక్టర్లు కూడా అంటారు. కొట్లో గల్లా దగ్గర కూర్చున్నానో, పది నిమిషాల్లో మొదలు. ఒకసారి పెళ్ళి చీరలకి వచ్చిన ఒకావిడ బేరం ఆడుతుంటే నాకు ‘హుం’ వచ్చింది. ఎగతాళి చేశాననుకుంది. చీర బల్ల మీద పెట్టేసి, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఏదో ఒకటి చెయ్యాలని గట్టిగా అనుకున్నది ఆ రోజే.

అప్పటికే మందులు చాలా వాడాను. హాలోపెరిడాల్ వాడినప్పుడు టిక్స్ తగ్గాయి కానీ పగలంతా మత్తు, ఒళ్ళు బిగదీసుకుపోయేది, నాడె అందుకోవడం కూడా కష్టమైంది. రిస్పెరిడోన్‌తో ఏడాదిలో పదకొండు కిలోలు పెరిగాను. ఇప్పుడు అరిపిప్రజోల్ తక్కువ మోతాదులో వేసుకుంటున్నాను. టీఎంఎస్ జరిగినన్నాళ్ళూ అదే మోతాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా ఫలితాల్లో దాని వంతు కూడా ఉంది.

టీఎంఎస్ కోసం మొదట వెళ్ళిన చోటు గురించి ఊరూ పేరూ లేకుండా చెబుతాను. అరగంట కూడా చూడకుండా, ‘నలభై సిట్టింగుల ప్యాకేజీ తీసుకోండి, శాశ్వతంగా పోతుంది’ అన్నారు. మొత్తం డబ్బు ముందే కట్టాలట. నాకు ఫిట్స్ ఉన్నాయా, తలలో ఏదైనా లోహం ఉందా అని కూడా అడగలేదు. అడ్వాన్సు 10,000 కట్టేశాను. తర్వాత అనుమానం వచ్చి అడిగితే తిరిగివ్వలేదు. టూరెట్‌ని శాశ్వతంగా పోగొడతామని ఎవరైనా అంటే అక్కడ కూర్చోవద్దు, లేచి వచ్చేయండి.

రెండోసారి వెళ్ళిన విశాఖ డాక్టరు గారు మొదటి రోజు మిషను ఊసే ఎత్తలేదు. టిక్స్ తీవ్రతని కొలిచే యేల్ స్కేలు మీద గంటన్నర ప్రశ్నలు అడిగారు. టిక్స్‌కి 50 మార్కులైతే నాకు 34 వచ్చాయి. ఆ తర్వాత చెప్పారు: ‘ఈ చికిత్సకి అమెరికాలో డిప్రెషన్‌కి 2008లో, ఓసీడీకి, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు తిరిగొచ్చే జబ్బుకి 2018లో అనుమతి వచ్చింది. టిక్స్‌కి రాలేదు. మీకు చెయ్యగలను, కానీ ఇది ప్రయత్నమే. దీంతోపాటు టిక్ అదుపు శిక్షణ నేర్చుకుంటానంటేనే మొదలుపెడతాను.’ ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇది ఎలా పనిచేస్తుందో ఆయన చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తాను. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం మొదటిసారి ఇలాంటి మిషను వాడి చూపించింది. తల మీద ఆనించే తీగ చుట్ట, అంటే కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా ప్రవహించి ఆగితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి పోతుంది, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మారే అయస్కాంత క్షేత్రం దగ్గర్లో కరెంటు పుట్టిస్తుందని స్కూల్లో ఫారడే పాఠంలో చదివాం కదా, అదే. ఆ కరెంటు పుర్రె కింద మెదడు పొరలో పుడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే అందుతుంది. టిక్స్‌కి మూలం అనుకునే భాగాలు మెదడు లోపల చాలా లోతున ఉన్నాయి. అందుకే వాటితో తీగ కట్టినట్టు కలిసి ఉండే పై పొర భాగాన్ని పట్టుకుంటారు. కదలికలకి ముందు సిద్ధం చేసే ఆ భాగం నడినెత్తికి కాస్త ముందు ఉంటుంది. సెకనుకి ఒక్కటి చొప్పున నెమ్మదిగా కొడితే అక్కడి చురుకు తగ్గుతుందని లెక్క. వేగంగా కొడితే పెరుగుతుంది.

బజారులో అయస్కాంతపు టోపీలు, బెల్టులు, పరుపులు అమ్ముతారు. వాటికీ దీనికీ సంబంధం లేదు. కదలకుండా ఉన్న అయస్కాంతం ఈ పని చెయ్యలేదు. మా చిన్నాన్న ప్రేమతో ఒక అయస్కాంతపు దిండు కొనిచ్చాడు. దాచుకున్నాను, కానీ అది దిండుగానే పనికొస్తోంది.

మొదటి రోజు కొలతలు తీశారు. తలకి టోపీ తొడిగి టేపుతో కొలిచి గుర్తులు పెట్టారు. ఎడమవైపు ఒక చోట కాయిల్ ఆనించి కొడితే నా కుడి బొటనవేలు దానంతట అదే అదిరింది. పదిసార్లు కొడితే ఐదుసార్లు అదిరేంత బలం ఏదో అదే నా కొలత, మనిషి మనిషికీ మారుతుంది. నాకు దానికి నూటికి పది ఎక్కువ పెట్టారు. సిట్టింగుకి 1,200 దెబ్బలు, ఇరవై నిమిషాలు. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు.

కుర్చీలో కూర్చుంటే చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెడతారు. టక్, టక్ అని సెకనుకి ఒకటి. నెత్తిమీద ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు ఉంటుంది. మగ్గం మీద అచ్చు కొట్టే చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, ఆ లయ నాకు త్వరగానే అలవాటైంది. అసలు కష్టం ఎవరూ ముందు చెప్పనిది: మెడ టిక్ ఉన్నవాడికి తల కదలకుండా ఉంచడమే గండం. విదిలించినప్పుడల్లా కాయిల్ పక్కకి జరిగేది. టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోకుండా ఆపి, గుర్తు చూసి, మళ్ళీ పెట్టేది. మొదటి వారం ఇరవై నిమిషాల పని నలభై నిమిషాలు పట్టింది. మీరు వెళ్ళేచోట ఇలా ఆపి సరిచేస్తున్నారో లేదో తప్పకుండా చూసుకోండి. పక్కకి జరిగిన కాయిల్‌తో కొట్టిన దెబ్బలకి కూడా డబ్బు మాత్రం పూర్తిగానే పోతుంది.

మొదటి ఆరు రోజులు సాయంత్రం తలనొప్పి వచ్చింది, పారాసెటమాల్‌తో తగ్గింది. తర్వాత రాలేదు. ఫిట్స్ రావడం చాలా అరుదు, కానీ నిద్ర తక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుందట. రాత్రి రైలెక్కి పొద్దున్నే సిట్టింగుకి దిగుదామన్న నా ప్లాను డాక్టరు గారు ఒప్పుకోలేదు. అందుకే గది అద్దెకి తీసుకోవాల్సి వచ్చింది. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా శుక్రవారం సాయంత్రం ఇంటికి, ఆదివారం తిరిగి విశాఖకి. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, తలలో క్లిప్పులు ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు ముందే చెప్పాలి.

ఇక ఫలితం. ప్రతి ఆదివారం కొట్లో గల్లా దగ్గర పది నిమిషాలు ఫోనులో వీడియో తీసి, మా చెల్లి చేత టిక్స్ లెక్కపెట్టించాను. మొదలుకి ముందు నాలుగు వారాల సగటు 92. ఇరవై సిట్టింగులు అయ్యేసరికి 51. యేల్ స్కేలు 34 నుంచి 25కి దిగింది. సంఖ్య కన్నా ఆ బిగువు మెత్తబడటమే నాకు పెద్ద మార్పు. విదిలించకుండా రెండు మూడు సెకన్లు ఆగగలిగాను. ఆ తర్వాత నెలకి ఒకటి చొప్పున ఆరు సిట్టింగులు. ఐదో నెలకి 60, పెళ్ళిళ్ళ సీజన్ టెన్షన్‌లో ఎనిమిదో నెలకి 84. రెండో ఏడాది పది సిట్టింగులు చేయించుకుంటే 66కి వచ్చింది. మొదటిసారి అంత దిగలేదు.

ఇది మిషను గొప్పేనా? నేను చాలా రోజులు అవుననే అనుకున్నాను. కానీ టిక్స్ గోపాల్‌పూర్ అలల్లాంటివి, లేస్తాయి, పడతాయి. మనం వైద్యానికి పరిగెత్తేది అల బాగా లేచినప్పుడే. ఏమీ చెయ్యకపోయినా అది కొంత పడుతుంది. 2015లో 20 మంది పెద్దవాళ్ళ మీద ఒక అధ్యయనం జరిగింది. కొందరికి నిజమైన చికిత్స, కొందరికి చప్పుడు మాత్రమే చేసే ఉత్తుత్తి చికిత్స మూడు వారాలు ఇచ్చి పోలిస్తే, రెండింటి మధ్యా నమ్మదగ్గ తేడా రాలేదు. ఉత్తుత్తి వాటితో పోల్చకుండా చేసిన చిన్న చిన్న ప్రయత్నాల్లో మాత్రం మంచి ఫలితాలు కనిపించాయి. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం టిక్స్‌కి దీన్ని సిఫారసు చెయ్యడానికి ఆధారాలు చాలవు. డాక్టరు గారే ఇవన్నీ నాకు చూపించారు. చూశాక బాధేసింది, కానీ దాచిపెట్టనందుకు ఆయనకి దండం పెట్టాను.

అదే సూచనల్లో ముందు వరసలో ఉన్నది సీబీఐటీ, అంటే నేను పైన చెప్పిన శిక్షణ. 2010లో 126 మంది పిల్లల మీద చూస్తే ఈ శిక్షణ పొందినవాళ్ళలో 52.5 శాతం మంది బాగుపడ్డారు, మామూలు సలహాలు పొందినవాళ్ళలో 18.5 శాతం. పెద్దవాళ్ళ మీద 2012లో చూస్తే అవే 38.1 శాతం, 6.4 శాతం. నాకు నేర్పింది ఇది: మెడలో బిగువు రాగానే గడ్డం కొద్దిగా లోపలికి లాక్కుని, మెడ కండరాలు మెల్లగా బిగించి, అది పోయేదాకా ఉండాలి. ‘హుం’ రాబోతే ముక్కుతో నెమ్మదిగా ఊపిరి. ఎనిమిది పాఠాలు, మూడు విశాఖలో, మిగతావి వీడియోలో, అన్నీ తెలుగులోనే. కొనుగోలుదారు ముందు కూర్చుని నేను గడ్డం లాక్కుంటే ఎవరికీ తెలియదు. మిషను ఇచ్చిన ఆ రెండు మూడు సెకన్లలోనే ఈ శిక్షణ పట్టు దొరికిందని నా నమ్మకం. మిషను లేకపోయినా దొరికేదేమో. నా ఒక్కడి ఒంటి మీద అది తేల్చడానికి వీల్లేదు.

ఊళ్ళో మాటల సంగతీ చెప్పాలి. సంబంధం చూడ్డానికి వచ్చిన మా అత్త, ‘అబ్బాయికి కరెంటు షాకులు ఇస్తున్నారటగా వదినా’ అని అమ్మని అడిగింది. అమ్మకి కళ్ళనీళ్ళు వచ్చాయి. నేనే కూర్చుని చెప్పాను: ‘అత్తా, అది షాకు కాదు. మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు. నేను మెలకువగానే ఉంటాను, అయ్యాక నేనే ఆటో ఎక్కి గదికి వెళ్తాను.’ వీడియో కూడా చూపించాను. ‘ఇంతేనా?’ అంది. ఆ సంబంధం కుదరలేదు, కారణం వేరే.

పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడుగుతారు, ‘మా బాబుకి చేయించమంటారా’ అని. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ముందు ఈ మిషను వద్దనే చెబుతాను. టిక్ వచ్చినప్పుడు తిట్టడం మానండి, టీచరుకి చెప్పండి, శిక్షణ ఇచ్చేవాళ్ళని వెతకండి. చాలామందికి వయసుతోపాటు తగ్గుతుంది కాబట్టి కాస్త ఆగడంలో నష్టం లేదు. మందులూ శిక్షణా రెండూ చూసి, ఇంకా పని చేసుకోలేకపోతున్న పెద్దవాళ్ళు, అప్పు చెయ్యకుండా ఖర్చు పెట్టుకోగలిగితే, నిజం చెప్పే డాక్టరు దొరికితే, ప్రయత్నించొచ్చు. పదికి నేను ఐదు ఇస్తాను, శిక్షణకి ఎనిమిది. మగ్గం అమ్మి మాత్రం చేయించుకోవద్దు.

మూడో విడత సంగతి డాక్టరు గారు పోయిన నెల అడిగారు. ఇప్పుడు గడ్డం లాక్కునే అలవాటు మీదే నెట్టుకొస్తున్నాను, మందు అదే మోతాదు. పోయిన ఆదివారం చెల్లి లెక్క 63. నాలుగు ఆదివారాల పాటు 80 దాటితే ఫోను చేస్తానని ఆయనకి చెప్పాను.