ఒలెస్కో, పిధిర్త్సీ, జోలోచివ్: లివివ్ కోటల్లో ఏది మేలు?

ఉక్రెయిన్ పడమటి దిక్కున లివివ్ నగరం. దానికి తూర్పున 65 నుంచి 80 కిలోమీటర్ల దూరంలో మూడు కోటలున్నాయి: ఒలెస్కో, పిధిర్త్సీ, జోలోచివ్. టూరు కంపెనీలు ఈ దారికి ‘బంగారు లాడం’ అని పేరు పెట్టి ఒక్క రోజులో మూడూ చూపిస్తామంటాయి. చూపిస్తాయి కూడా. కాకపోతే సగం పొద్దు బస్సులోనే గడిచిపోతుంది, ఏ కోటలోనూ కాలు నిలవదు. ఒకటి, మహా అయితే రెండు ఎంచుకుని తీరిగ్గా చూసి రావడమే మంచిది. ఫోటోలు చూసి ఎంచుకునేవాళ్లంతా పిధిర్త్సీ వైపే మొగ్గుతారు. వాళ్లలో చాలామంది లోపలికి వెళ్లాక ఉసూరుమంటారు కాబట్టి మొదట దాని సంగతే చూద్దాం.

పిధిర్త్సీని 1635–40 మధ్య, ఈ ప్రాంతం పోలండ్ ఏలుబడిలో ఉన్నప్పుడు, ఆ దేశ సేనాధిపతి స్తానిస్లావ్ కొనియెత్స్‌పోల్స్కీ కట్టించాడు. కోట గోడల పని ఫ్రెంచి ఇంజనీరు బోప్లాన్‌ది, మహలు ఇటలీవాడు ఆంద్రేయా డెల్ ఆక్వాది. చుట్టూ ఫిరంగులకు తట్టుకునే కోట, మధ్యలో ఇటలీ తరహా విలాస భవనం: ఆ కాలపు ప్రభువులకు ఇదే మోజు. కొండ అంచున కట్టారు కాబట్టి ఉత్తరం వైపు నేల మెట్లు మెట్లుగా దిగిపోతుంది, ఆ పైనుంచి మైదానమంతా కనిపిస్తుంది. బయటి అందంలో మిగతా రెండూ దీని ముందు నిలవవు. చిక్కంతా లోపల ఉంది. 1939లో ఆఖరి యజమాని సంగూష్కో కుటుంబం విలువైన సేకరణలను రొమేనియా మీదుగా దేశం దాటించింది, అవి చివరికి బ్రెజిల్ చేరాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వం కోటలో క్షయ రోగుల ఆసుపత్రి పెట్టింది. 1956లో అంటుకున్న మంటలు మూడు వారాలపాటు ఆరలేదంటారు. చెక్కపని, పైకప్పుల మీది చిత్రాలు, పాలరాతి పొయ్యిలు, అన్నీ అలా పోయాయి. 1997లో లివివ్ ఆర్ట్ గ్యాలరీ చేతికొచ్చాక మరమ్మతులు సాగుతున్నాయి గానీ చాలా నెమ్మదిగా. కొన్ని గదులే తెరుస్తారు, కొన్నిసార్లు అవీ ఉండవు. ఇక్కడ టికెట్టు కొనేది గోడల కోసం, ఆవరణ కోసం అనుకుని వెళ్తే నిరాశ ఉండదు.

ఫోటోల కోసమే వెళ్లేవాళ్లకు ఒక మాట. మైదానం వైపు ముఖం ఉత్తరానికి ఉంది. అంటే మధ్యాహ్నం అటు నుంచి తీస్తే ఎండ కోట వెనక పడి గోడలన్నీ నల్లగా వస్తాయి. ద్వారం, కందకం ఉన్న దక్షిణం వైపు ఎండ బాగా పడుతుంది. ఉత్తరం వైపు కావాలంటే వేసవిలో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లాలి. ద్వారానికి ఎదురుగా, చెట్ల బాట చివర, బారులు తీరిన పెద్ద స్తంభాలతో 18వ శతాబ్దపు చర్చి ఒకటుంది. చాలామంది కోట చూసి వెనుదిరుగుతారు గానీ, ఈ చర్చి వసారాలో నిలబడి కోట వైపు చూస్తేనే కట్టినవాళ్ల ఎత్తుగడ తెలుస్తుంది: చర్చి, బాట, ద్వారం, మహలు అన్నీ ఒకే గీత మీద ఉంటాయి.

జోలోచివ్ పైకి అంత ఆకట్టుకోదు. కోట పనితనం అర్థం చేసుకోవాలంటే మాత్రం వెళ్లాల్సింది ఇక్కడికే. దీన్ని 1634లో పోలండ్ ప్రభువు యాకుబ్ సోబియెస్కీ కట్టించాడు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, నాలుగూ కోణాలుగా చెక్కినవే. మన గోల్కొండ బురుజులు గుండ్రంగా ఉంటాయి. గుండ్రటి బురుజు పాదం దగ్గరికి శత్రువు చేరాడంటే, పక్క బురుజు నుంచి ఎంత కాల్చినా తగలని మరుగు కొంత మిగిలిపోతుంది. కోణపు బురుజుతో ఆ మరుగు ఉండదు, దాని ముఖం మొత్తం పక్క బురుజు గురిలోకి వస్తుంది. గోడల్ని ఎత్తు పెంచకుండా వెనక మట్టి దట్టించారు. ఫిరంగి గుండు ఉత్త రాతి గోడనైతే పగలగొడుతుంది, మట్టిలో అయితే దిగబడిపోతుంది. జోలోచివ్‌లో ఈ మట్టికట్టల మీద నడవనిస్తారు. ఒక బురుజు మొన దాకా వెళ్లి, వెనక్కి తిరిగి గోడ వెంబడి పక్క బురుజు వైపు చూడండి, పై సంగతంతా కళ్లకు కడుతుంది. ఇంత లెక్క వేసి కట్టినా 1672లో తుర్కులు ఆరు రోజుల ముట్టడితో ఈ కోటను పట్టుకున్నారు. ఆ తర్వాత సోబియెస్కీలు దాన్ని మళ్లీ బాగుచేసుకున్నారు.

లోపల రెండు భవనాలు. పెద్ద మహల్లో గదులు వరసగా చూడొచ్చు, 17వ శతాబ్దపు మరుగుదొడ్ల ఏర్పాటు కూడా చూపిస్తారు (పిల్లలు గుర్తుపెట్టుకునేది అదొక్కటే). రెండోది ‘చైనా మహలు’: మధ్యలో గుండ్రటి గది, రెండు పక్కలా రెక్కలు. యాకుబ్ కొడుకు, పోలండ్ రాజు మూడో యాన్ సోబియెస్కీ భార్య మరీ కాజిమీర్ కోసం కట్టిందంటారు. చైనాతో దానికున్న సంబంధం ఆనాటి యూరప్ ఫ్యాషన్ వరకే. ఇప్పుడు అందులో ఆసియా దేశాల కళాఖండాలు పెట్టారు. ఆవరణలో పాత రాతలున్న పెద్ద రాళ్లున్నాయి, వాటిలో ఒకదానికి ఉన్న రంధ్రంలో వేలు పెట్టి కోరిక కోరుకుంటారు. ఆస్ట్రియా పాలనలో ఈ కోట జైలైంది, సోవియట్ రహస్య పోలీసులూ దాన్ని జైలుగానే వాడుకున్నారు. 1941 వేసవిలో జర్మన్ సేనలు దగ్గరపడుతుంటే ఆ పోలీసులు వందల మంది ఖైదీలను ఇక్కడే చంపేశారు. జర్మన్లు వచ్చాక ఊళ్లోని యూదుల మీద హత్యాకాండ జరిగింది. అది తెలిసి వెళ్తే ఆవరణలోని స్మారకం దగ్గర సెల్ఫీలు తీసుకోబుద్ధి కాదు.

మ్యూజియం కోసమైతే ఒలెస్కో. సుమారు 50 మీటర్ల గుట్ట మీద కోడిగుడ్డు ఆకారపు పాత కోట అది. మిగతా రెండింటికంటే చాలా ముందుది, 14వ శతాబ్దం నుంచే దాని ప్రస్తావన ఉంది. 1683లో వియన్నాను తుర్కుల ముట్టడి నుంచి విడిపించిన మూడో యాన్ సోబియెస్కీ 1629 ఆగస్టు 17న పుట్టింది ఇక్కడే. మన లెక్కలో చెప్పాలంటే, ఔరంగజేబు గోల్కొండను పట్టుకోవడానికి నాలుగేళ్ల ముందు జరిగింది ఆ వియన్నా యుద్ధం. అయితే ఇవాళ్టి ఒలెస్కోకు ప్రాణం పోసింది రాజు కాదు, బొరిస్ వొజ్నిత్స్కీ. 1962 నుంచి 2012లో చనిపోయేదాకా లివివ్ ఆర్ట్ గ్యాలరీ డైరెక్టరు ఆయనే. సోవియట్ కాలంలో మూతపడి పాడుబడ్డ చర్చిల నుంచి చెక్క శిల్పాలు, ఐకాన్లు (పూజలో వాడే క్రైస్తవ చిత్రపటాలు), పాత చిత్తరువులు పోగుచేసి కాపాడాడు. వాటిలో మంచివి కొన్ని 1975లో మ్యూజియంగా తెరిచిన ఈ కోటలో చేరాయి. 2022లో రష్యాతో యుద్ధం మొదలయ్యాక లివివ్ మ్యూజియంలు విలువైన వస్తువులను భద్రమైన చోట్లకు తరలించాయి కాబట్టి ఏ గదులు తెరిచి ఉన్నాయో టికెట్టు కొనేముందే అడగాలి. గుట్ట ఎక్కడం కష్టమేమీ కాదు గానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే తొందరపెట్టకండి.

ప్రయాణం మాటకొస్తే జోలోచివ్‌కు తిరుగులేదు. లివివ్–తెర్నోపిల్ రైలు మార్గంలో స్టేషనుంది, దిగాక కోటకు అరగంట నడక. తెర్నోపిల్‌లో మెడిసిన్ చదివిన మన పిల్లలు లివివ్ రైల్లో వెళ్తూ ఈ స్టేషను మీదుగా ఎన్నోసార్లు పోయే ఉంటారు. ఒలెస్కో కీవ్ వెళ్లే పెద్ద రోడ్డు మీదుంది, లివివ్ నుంచి బ్రోది వైపు బస్సెక్కి మధ్యలో దిగాలి. రైల్లో వెళ్దామనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ‘ఒజిదివ్-ఒలెస్కో’ అనే స్టేషను పేరు చూసి టికెట్టు తీసుకుంటారు. అది ఒజిదివ్ ఊరి స్టేషను, అక్కణ్నుంచి కోటకు ఇంకా చాలా కిలోమీటర్లుంది. పిధిర్త్సీకి రైలు లేదు, బస్సులూ తక్కువే. ఒలెస్కో నుంచి ఓ పది కిలోమీటర్లు, జోలోచివ్ నుంచి సుమారు ఇరవై కాబట్టి ఆ రెండు చోట్ల ఎక్కడినుంచైనా టాక్సీ మాట్లాడుకోవచ్చు. రానూపోనూ, మధ్యలో గంటన్నర ఆగేలా ముందే బేరమాడుకోవాలి, వట్టి పోవడానికే మాట్లాడుకుంటే తిరుగు బండి దొరక్క అవస్థ పడతారు. సోమవారం మాత్రం పెట్టుకోవద్దు, మ్యూజియంలకు సాధారణంగా అదే సెలవు.

2022 ఫిబ్రవరి నుంచి దేశంలో సైనిక శాసనం నడుస్తోంది. ఆ ఏడాది అక్టోబరులో భారత రాయబార కార్యాలయం మనవాళ్లను ఉక్రెయిన్ విడిచి వచ్చేయమని చెప్పింది, కాబట్టి సరదా ప్రయాణానికి ఇది సమయం కాదు. పౌర విమానాలు లేవు, ఎక్కువమంది పోలండ్‌లోని పెషెమిషల్ నుంచి రైల్లోనో బస్సులోనో లివివ్ చేరతారు. పనిమీదో బంధువుల కోసమో అక్కడ ఉన్నవాళ్లు సైరన్ మోగితే మ్యూజియం ఖాళీ చేయిస్తారని తెలుసుకోవాలి. రాత్రి కర్ఫ్యూ వేళకు ముందే లివివ్ చేరేలా చూసుకోవాలి. డ్రోన్ ఎగరేయడం నిషేధం, చెక్‌పోస్టుల దగ్గర కెమెరా బయటికి తీయకూడదు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు యుద్ధ నష్టాన్ని భరించవు, పాలసీ కాగితంలో ఆ పేరా వెతికి చదవండి.

సొంత బండి లేకుండా ఒక్క కోటే చూడాలంటే జోలోచివ్, అందులో సందేహం లేదు. బండి ఉంటే పొద్దున ఒలెస్కో తెరిచే వేళకు చేరి, మ్యూజియానికి రెండు గంటలిచ్చి, మధ్యాహ్నం భోజనం చేసి పిధిర్త్సీకి వెళ్లండి. వేసవిలో సాయంత్రం దాకా అక్కడే ఉంటే ఉత్తరం వైపు గోడకూ వెలుగు తగులుతుంది. శీతాకాలంలో ఈ వరస పనికిరాదు: డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, పిధిర్త్సీ మట్టిబాటలు మంచు కరిగి బురదవుతాయి. ఆ నెలల్లో ఒలెస్కో ఒక్కటీ చూసుకుని తిరిగి రావడమే తెలివైన పని.