అలీజియంట్: చావు తప్పు కాదు, దారి తప్పు

ముగింపుతో సహా కథంతా ఈ సమీక్షలో ఉంది. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

వెరోనికా రాత్ రాసిన డైవర్జెంట్ (2011), ఇన్సర్జెంట్ (2012) పుస్తకాల్ని ఏకబిగిన చదివినవాళ్లే 2013 అక్టోబరులో మూడోదైన అలీజియంట్ వచ్చాక మండిపడ్డారు. ఎందుకంటే కథానాయిక ట్రిస్‌ని చంపేసిందని. నిజానికి ఆ చావు కథకి అతకనిదేం కాదు. మొదటి భాగంలోనే తల్లీ తండ్రీ పిల్లల కోసం ప్రాణాలిచ్చారు. రెండో భాగంలో ట్రిస్ తనంతట తాను శత్రువుకి లొంగిపోయినప్పుడు అది త్యాగమో, బతుకు మీద విరక్తో ఆమెకే తేలలేదు. చివరికి ప్రాణాలు పోయే పనికి, తనకి ద్రోహం చేసిన అన్న కేలెబ్ బదులు తను వెళ్లడంతో ఆ లెక్క తేలింది. రచయిత్రి ఎక్కడికి చేరాలనుకుందో అక్కడికే చేరింది. కానీ వెళ్లిన దారంతా గతుకులే.

అన్నిటికంటే పెద్ద గతుకు గొంతు. మొదటి రెండు భాగాలూ పూర్తిగా ట్రిస్ మాటల్లో, వర్తమాన కాలంలో నడుస్తాయి. అలా చెబుతున్న మనిషే చనిపోతే మిగతా కథ చెప్పేదెవరు? అందుకే మూడో భాగంలో ఆమె ప్రియుడు టోబయాస్ గొంతు వచ్చి చేరింది, అధ్యాయాలు ఇద్దరి మధ్యా మారుతుంటాయి. కాస్త ఆలోచించే పాఠకుడికి ముగింపు అక్కడే తెలిసిపోతుంది. పోనీ రెండో గొంతు వేరుగా ఉందా అంటే అదీ లేదు. అధ్యాయం పైనున్న పేరుని వేలితో మూసి, మధ్యలో ఏ పేజీ అయినా తీసి చదవండి. ఎదుటివాళ్లు పేరు పెట్టి పిలిచేదాకా మాట్లాడుతున్నది ఎవరో పట్టుకోవడం కష్టం. అవే పొట్టి వాక్యాలు, అదే తనని తాను తవ్వుకోవడం. రెండు పుస్తకాలపాటు బయటినుంచి చూసిన ఆ బిగువు మనిషి లోపలికెళ్లేసరికి ట్రిస్‌కి నకలైపోయాడు.

ఇక జన్యువుల గొడవ. కథలోని షికాగోలో జనాన్ని గుణాన్నిబట్టి ఐదు ఫ్యాక్షన్లుగా విడగొట్టారు (మన సీమ సినిమాల ఫ్యాక్షన్ కాదు లెండి). ఏ ఒక్కదానిలోనూ ఇమడని మనిషి డైవర్జెంట్. టీనేజీ పాఠకులు ఆ మాటని తమ మాటగా తీసుకున్నది అందుకే. మూడో భాగంలో ఓహేర్ విమానాశ్రయంలో కాపురమున్న, జన్యు ప్రయోగాలు చేసే ఓ ప్రభుత్వ బ్యూరో వచ్చి, అదేం కాదు, ఒకప్పుడు చెడిన జన్యువులు మీలో బాగుపడ్డాయంతే అంటుంది. స్వభావం కాస్తా రక్తపరీక్ష ఫలితమైపోయింది. జన్యువులనిబట్టి మనిషిని ఎంచకూడదని పుస్తకం గట్టిగా వాదిస్తుంది, సరే. కానీ బ్యూరో ఆయుధాల ల్యాబ్‌కి కాపలాగా పెట్టిన, ప్రాణం తీసే సీరమ్ అనే మందుని తట్టుకుని లోపలికెళ్లగలిగింది ఎవరు? ఆ 'శుద్ధమైన' జన్యువులున్న ట్రిసే.

ఆ ఘట్టం మాత్రం బాగా రాసింది. సీరమ్ కమ్ముకుని చచ్చిపోవడమే హాయి అనిపిస్తున్నా, ట్రిస్ లేచి రెండో తలుపు తోసుకుని వెళ్తుంది. లోపల చక్రాల కుర్చీలో బ్యూరో పెద్ద డేవిడ్, చేతిలో తుపాకీ. సీరమ్‌ని గెలిచిన మనిషి గుండు దెబ్బకి పోతుంది. చివరి క్షణంలో తల్లి కనిపిస్తుంది. కానీ ట్రిస్ నొక్కిన బటన్ చేసిన పనేమిటి? బ్యూరో సిబ్బంది జ్ఞాపకాలన్నీ చెరిపేయడం. షికాగో జనానికి బ్యూరో చేయబోయిన ఘోరం కూడా సరిగ్గా ఇదే. దీన్ని నాలుగు మాటల్లో సర్దేసి, రెండున్నరేళ్ల తర్వాత అంటూ ఉపసంహారంలోకి దూకేసింది. పైనున్న ప్రభుత్వం ఎలా ఒప్పుకుందో అందులో వెతికినా దొరకదు.

కొనేవాళ్లు డైవర్జెంట్ ఒక్కటే తీసుకుంటే నష్టం లేదు, కథ ఓ దరికి చేరుతుంది. ఇన్సర్జెంట్ మొదలుపెడితే మాత్రం మూడోదీ కొనాల్సిందే, ఎందుకంటే అది సరిగ్గా నగరం కంచె అవతల ఏముందన్న దగ్గర ఆగుతుంది. సినిమాలతో సరిపెట్టుకుందామంటే కుదరదు. 2016లో వచ్చిన అలీజియంట్ సినిమాలో ట్రిస్ బతికే ఉంటుంది, దాని తర్వాత రావాల్సిన ఆఖరిది అసలు తీయనేలేదు.