దిండుకు కూడా 'శ్వాస సాధారణం' అని చెప్పే మిషన్: ఒంగోలు చుట్టుపక్కల కొనేవాళ్లు జాగ్రత్త

మా నాయన చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో 22 ఏళ్లు చేశాడు. రెండేళ్లుగా దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒంగోలులో ఒకచోట బీపీ మిషన్లతో పాటు ఊపిరి చప్పుడు రికార్డ్ చేసే మిషన్ అమ్ముతుంటే 6,800 పెట్టి కొన్నాను. ఛాతీకి ఆనించి అరనిమిషం ఉంచితే ఉబ్బసం ఉందో లేదో ఫోన్‌లో యాప్ చెప్పేస్తుందట. "ఇక డాక్టర్‌తో పనే లేదు సార్" అన్నాడు అమ్మినాయన. ఆ మాటకే నాకు అనుమానం రావాల్సింది.

పోయిన నెల ఒక రాత్రి నాయన పడుకోలేక మంచం అంచున ముందుకు వంగి కూర్చున్నాడు. మిషన్ పెడితే పచ్చ గుర్తు: 'శ్వాస సాధారణం, నిమిషానికి 18'. మనిషి కళ్లెదుట రొప్పుతున్నాడు, నేనేమో ఫోన్ చూసి ధైర్యం తెచ్చుకుని ఇంకో రోజు ఆగాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

డాక్టరుగారు మామూలు స్టెతస్కోప్ వీపు మీద నాలుగుచోట్ల పెట్టి, "ఇన్ని పిల్లికూతలుంటే సాధారణం ఏంటయ్యా?" అన్నారు. నాయన ఏం పని చేసేవాడో అడిగి, రాతి దుమ్ము సంగతి తేల్చాలని ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ రాశారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఉబ్బసం మరీ ముదిరితే గాలి ఆడక పిల్లికూతలు కూడా ఆగిపోతాయట. ఛాతీలో చప్పుడు లేకపోతేనే డాక్టర్లకు ఎక్కువ టెన్షన్.

నాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. ఇంటికొచ్చి ఆ రికార్డింగ్‌ను సిస్టంలో వేసి విన్నాను. ఫోన్ కాల్‌లో వెనక రొద తీసేసినట్టు మొత్తం నున్నగా గీకేశారు. పిల్లికూత ఈలలా సాగే చప్పుడు. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్‌కి దానికీ ఫ్యాన్ హోరుకీ తేడా తెలియకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో వినిపించే, చెవి దగ్గర వెంట్రుకలు నలిపినట్టుండే చిటపటలైతే ఒక్కోటి 20 మిల్లీసెకన్లు కూడా ఉండవు, అవి గల్లంతవడం ఎంతసేపు? చివరికి మిషన్ని దిండు మీద పెట్టి, పైన ఫ్యాన్ వేశాను. పచ్చ గుర్తు. శ్వాస సాధారణం, నిమిషానికి 18.

మంచి ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులు లేవని కాదు. అవి చప్పుడు పెంచి డాక్టరుకు వినిపిస్తాయి, మళ్లీ వినడానికి రికార్డ్ చేసి ఉంచుతాయి. జబ్బు తేల్చేది వినే మనిషి.

వాపసు అడిగితే "సీలు తీశాక తీసుకోం" అన్నాడు. అప్పుడు డబ్బా తిప్పి చూశాను, లైసెన్స్ నంబరే లేదు. 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం లేబుల్ మీద అది ఉండాలి. బిల్లు దాచుకున్నాను కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా నడుస్తోంది. నాయన ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతున్నాడు, రాత్రిళ్లు కాస్త నిద్రపడుతోంది.

ఇలాంటిది ఎవరైనా చూపిస్తే, డబ్బులు తీసేముందు షాపులోనే ఒక దిండో, గుడ్డల మూటో ఇచ్చి దానికి పెట్టి చూపించమనండి.