ఎల్బో క్రచెస్: నెలల తరబడి వాడాక నా అభిప్రాయం

కాలి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక వాకర్, చంక కర్రలు, ఎల్బో క్రచెస్ (ముంజేతిని చుట్టి పట్టుకునే కఫ్, దాని కింద చేతిపిడి ఉండే కర్రలు), ఆఖరికి చేతికర్ర, అన్నీ వాడాల్సి వచ్చింది. ఎక్కువ కాలం వాడింది ఎల్బో క్రచెస్, నాకు బాగా నచ్చిందీ అవే.

చంక కర్రలు అలవాటైన వాళ్లకి ఇవి మొదట్లో భయమేస్తాయి, చంక కింద ఆసరా ఉండదు కదా. కానీ చంక కర్రలతో నడిచినా బరువు పడాల్సింది అరచేతుల మీదే. పై ప్యాడ్‌కీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, అలా కాకుండా రోజూ ప్యాడ్ మీద వేలాడితే నరం నొక్కుకుపోయి మణికట్టు పైకి లేవకుండా అయ్యే ప్రమాదం ఉంది. ఎల్బో క్రచెస్‌తో ఆ భయం లేదు. పైగా తలుపు తీయడానికి పిడి వదిలినా కర్ర కింద పడదు, కఫ్ చేతికి పట్టుకునే ఉంటుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా కొనొచ్చు.

ఎత్తు మాత్రం ఫిజియో దగ్గరే సరిచేయించుకోండి. చేయి వదులుగా కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి, పట్టుకుంటే మోచేయి 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి. ఎత్తు మార్చే రంధ్రం ఒక్కటి తేడా ఉన్నా సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి.

కాలు ఆనించకూడదన్న రోజుల్లో త్రీ పాయింట్ నడక: రెండు కర్రలూ ముందుకు, తర్వాత మంచి కాలు. కొంచెం బరువు వేయొచ్చన్నాక కర్రలతో పాటే దెబ్బ కాలు వేసి, ఆపైన మంచి కాలు. బాగా కుదురుకున్నాక టూ పాయింట్, అంటే కుడి కర్రతో ఎడమ కాలు, ఎడమ కర్రతో కుడి కాలు. దీంతో నడక మామూలు నడకకి చాలా దగ్గరగా వస్తుంది, అందుకే చాలామంది తొందరపడతారు. డాక్టర్ చెప్పేదాకా దయచేసి ఆగండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రలు, దెబ్బ కాలు.

లోపాలూ ఉన్నాయి. గట్టి ప్లాస్టిక్ పిడికి అరచేతులు మండిపోతాయి, మెత్తటి తొడుగు వేయించాల్సిందే. వేళ్లలో పట్టు లేనివాళ్లకి, మణికట్టు కీళ్లనొప్పులున్న వాళ్లకి ఇవి పనికిరావు, ముంజేయి మొత్తం ఆనించుకునే రకం అడగండి. అన్నిటికన్నా ముఖ్యం కింద ఉండే రబ్బరు బుష్. దాని గాళ్లు అరిగిపోతే తడి నేల మీద జారడం ఖాయం. బుష్ విడిగా దొరుకుతుంది, ఒక జత ముందే తెచ్చి పెట్టుకోండి.

ఒంటి కర్రకి మారాక అది మంచి కాలి వైపు చేతిలోనే ఉండాలి, అప్పుడే దెబ్బ కాలి వైపు తుంటి మీద భారం తగ్గుతుంది.