కార్క్ గ్యాస్కెటా, రబ్బరు గ్యాస్కెటా?

ఇంజన్ పైభాగాన్ని మూసే వాల్వ్ కవర్ అంచున నూనె చెమ్మ, దాని మీద పేరుకున్న దుమ్ము, ఇంజన్ వేడెక్కగానే కమురు వాసన. ఎగ్జాస్ట్ గొట్టం మీద చుక్క పడుతోందన్నమాట. కవరుకూ ఇంజనుకూ మధ్య నూనె కారకుండా ఆపే పట్టీని, అంటే గ్యాస్కెట్‌ను, మార్చక తప్పదు.

కార్క్ చవక. పాత ఇంజన్ల పల్చటి రేకు కవర్లు కాస్త వంకర తిరిగినా ఆ ఎగుడుదిగుళ్లలో ఒదిగిపోతుంది. కానీ వేడికి ఎండి, కుంచించుకుపోయి, చివరికి బిస్కెట్టులా విరుగుతుంది. కారుతోందని బోల్టు ఇంకాస్త బిగిస్తే పక్కకు ఉబ్బి చీలుతుంది. ఈ పొరపాటు నేనూ చేశాను.

అచ్చుపోసిన రబ్బరు కవర్ గాడిలో కూర్చుంటుంది. అందులోనూ తేడాలున్నాయి: నైట్రైల్ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా బాగుంటుంది, సిలికాన్ 200 డిగ్రీలను తట్టుకుంటుంది. గాడి ఉన్న కవరుకు నా ఓటు సిలికాన్‌కే. గాడి లేని పాత రేకు కవరైతే కార్క్, రబ్బరు కలిపి చేసిన రకం మేలు.

ఏది వేసినా పాత ముక్కలు పూర్తిగా గీకి, అంచు పొడిగా తుడవాలి. బోల్టులను మధ్య నుంచి చివరలకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, తయారీదారు చెప్పినంతే బిగించాలి. అన్నట్టు, ఇంజన్ లోపలి ఆవిర్లను బయటికి వదిలే పీసీవీ వాల్వ్ మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగితే కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది. ముందు దాన్ని చూడండి.